పాత బాప్తిస్మపు గౌను – దాని గుడ్డ, దాని వయస్సు

మూడవ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

మా నాన్నగారు వడ్లగింజను పంటికింద పెట్టి కొరికి, "ఇంకా రెండెండలు తగలాలి" అని చెబుతారు. గింజను అరచేతిలో నలిపి, బియ్యం చూసి, అది ఏ రకమో చెబుతారు. ఆయన ఏ లేబరేటరీలోనూ పనిచేయలేదు. చూపు, స్పర్శ, వాసన, చప్పుడు – ఈ నాలుగే ఆయన పరికరాలు. సైన్సు విద్యార్థులమైన మనం అదే పని భూతద్దంతోనూ మైక్రోస్కోపుతోనూ చేస్తాం. పద్ధతి మాత్రం ఒక్కటే. ఏ ఒక్క గుర్తునూ నమ్మకుండా, నాలుగు గుర్తులను కలిపి చూసి తీర్పు చెప్పడం.

ఆ పద్ధతిని ఒక చిన్న వస్తువుకు అన్వయించి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ వస్తువు, పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చే రోజున తొడిగే పొడుగాటి తెల్ల గౌను.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి కారణం మా ఇల్లే. మాది నరసాపురానికి దగ్గరలో ఉన్న ఒక పల్లెటూరు. మా మామ్మ ట్రంకుపెట్టెలో అటువంటి గౌను ఒకటి ఉంది. "దొరసానమ్మ ఇచ్చిన పట్టు గౌను. విక్టోరియా రాణి కాలం నాటిది" అని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా నాన్న, అత్తయ్య, అన్నయ్య, నేను అందరం దానిని తొడుక్కున్నవాళ్ళమే. కిందటి క్రిస్మసు సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్య కూతురి బాప్తిస్మం గురించి మాటలు జరుగుతున్నాయి. పెట్టెలోంచి గౌను తీసి చూస్తే పసుపు పట్టిపోయి ఉంది. "బ్లీచింగు పౌడరు వేసి ఉడకబెడితే మల్లెపువ్వులా అవుతుంది" అంది అత్తయ్య. చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన "రాణీగారి కాలం నాటిదైతే పట్నంలో మంచి ధర పలుకుతుంది, అమ్మేయండి" అన్నాడు. అది ఏ గుడ్డో, ఎప్పటిదో తెలియకుండా ఉడకబెట్టడమూ తప్పే, అమ్మడమూ తప్పే అనిపించింది. నెల రోజులు గడువు అడిగి, గౌనును పాత పంచెలో చుట్టి కాలేజీకి తెచ్చుకున్నాను.

కొంచెం చరిత్ర

ఈ తెల్ల గౌను ఆచారం మనకు ఇంగ్లండు, స్కాట్లండు దేశాల నుండి వచ్చింది. అక్కడ కూడా అది అనాదిగా లేదు. పూర్వం పసిబిడ్డను గుడ్డ పట్టీలతో చుట్టి ఉంచేవారు. కలిగినవాళ్ళు బిడ్డను గుడికి తీసుకువెళ్ళేటప్పుడు పైన ఖరీదైన పట్టు వస్త్రం కప్పేవారు. 18వ శతాబ్దంలో గొప్పవారి ఇళ్ళలో మీగడ రంగు శాటిన్ పట్టు గౌన్లు వచ్చాయి. ఆ శతాబ్దం చివరకు వచ్చేసరికి సన్నని తెల్ల నూలుగుడ్డ పట్టు స్థానాన్ని ఆక్రమించింది.

ఆ సన్నని నూలుగుడ్డ మొదట వెళ్ళింది మన దేశం నుండే. దీనికి ఆ గుడ్డల పేర్లే సాక్ష్యం. ఇంగ్లీషువారు పసిపిల్లల బట్టలకు వాడిన 'మల్' అనే గుడ్డ మన మల్‌మల్. 'నైన్‌సూక్' అంటే హిందీలో నయనసుఖం, కంటికి హాయినిచ్చేది. 'జాకొనెట్' అనే మాట పూరీ జగన్నాథం పేరు నుండి పుట్టింది. తరువాత గ్లాస్గో, పెయిస్లీ ప్రాంతాల మగ్గాలు, మిల్లులు ఆ గుడ్డలను తామే నేయడం మొదలుపెట్టాయి. కొన్నాళ్ళకు సరుకు ఎదురు తిరిగి మన దేశానికే రాసాగింది. మన తాతలు సన్నని పంచెలను 'గ్లాస్కో పంచెలు' అనడం పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది.

స్కాట్లండులోనే ఎయిర్‌షైర్ అనే జిల్లా ఉంది. 1814 ప్రాంతంలో లేడీ మేరీ మాంట్గొమరీ అనే ఆమె విదేశం నుండి తెచ్చిన ఒక పసిపాప గౌనును ఎయిర్ పట్టణంలోని మిసెస్ జేమీసన్ అరువు తీసుకుని చూసింది. గుడ్డలో సన్నని రంధ్రాలు చేసి, వాటిని సూదితోనే సాలెగూడులాంటి లేసుతో నింపే పని అందులో ఉంది. ఆమె ఆ పనిని నేర్చుకుని చుట్టుపక్కల స్త్రీలకు నేర్పింది. ఆ విధంగా 'ఎయిర్‌షైర్ తెల్లపని' పుట్టింది. వేలాది స్త్రీలు తమ ఇళ్ళలో కూర్చుని, ముక్కకింత అని కూలి తీసుకుని ఈ పని చేశారు. 1860 దాటిన తరువాత ఆ పరిశ్రమ దెబ్బతింది. దీనికి కారణాలు రెండు. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాకపోవడం ఒకటి, చవక యంత్రపు ఎంబ్రాయిడరీ రావడం రెండవది.

రంగును చూసి మోసపోరాదు

పసుపు పట్టింది కాబట్టి పాతది అనుకోవడం అందరూ చేసే మొదటి పొరపాటు. 1841లో విక్టోరియా రాణి పెద్దకూతురి బాప్తిస్మానికి స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు, హానిటన్ లేసుతో ఒక గౌను కుట్టించారు. 2004 వరకు ఆ రాజకుటుంబంలో 60 మందికి పైగా శిశువులు ఆ ఒక్క గౌనునే తొడుక్కున్నారు. అది బాగా నలిగిపోవడంతో, అచ్చంగా అలాంటిదే కొత్తది కుట్టించి 2008 నుండి వాడుతున్నారు. కొత్త గౌనుకు పాతదాని రంగు రావడానికి ఏం చేశారో తెలుసా? టీ డికాక్షనులో ముంచారు! రాణీగారి ఇంట్లోనే టీనీళ్ళతో వయస్సు తెప్పించగలిగినప్పుడు ఇక రంగును ఎలా నమ్మడం?

గుడ్డను గుర్తించడం

మొదట చేతితో చూడాలి. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, గుడ్డను రెండు వేళ్ళ మధ్య ఉంచాలి. నార బట్ట, అంటే అవిసె నారతో నేసిన లినెన్, చల్లగా బిరుసుగా తగులుతుంది. దాని దారంలో అక్కడక్కడ లావులు, సన్నాలు కనిపిస్తాయి. నూలు మెత్తగా ఉంటుంది. పట్టు తేలికగా, జారుడుగా ఉండి, నలిపితే గరగరమని చిన్న చప్పుడు చేస్తుంది. అయితే గంజి పెట్టిన నూలు కూడా చప్పుడు చేస్తుంది, తళతళలాడే నూలు కూడా ఉంటుంది. కాబట్టి చేతితోనే ఆగిపోకూడదు.

రెండవది మైక్రోస్కోపు. గౌను లోపలి కుట్టు మడతలో తెగి వేలాడే పోగు ఎక్కడో ఒకటి ఉంటుంది. అందులోంచి ఒక్క పీచు తీసి, స్లైడు మీద నీటిచుక్కలో ఉంచి, కవర్ స్లిప్ వేసి చూడాలి. ఏ పీచుకు ఆ పీచు రూపం వేరు.

పత్తి: నలిగిన రిబ్బను మెలితిరిగినట్లుంటుంది. పచ్చి పత్తికాయలో గొట్టంలా ఉన్న కణం, కాయ పగిలి ఎండగానే అణిగి మెలి తిరుగుతుంది.

నార: వెదురు గడలా కణుపులు కణుపులుగా ఉంటుంది.

పట్టు: నున్నని గాజుకడ్డీలా ఉంటుంది. అడ్డంగా కోస్తే ఇంచుమించు ముక్కోణం.

ఉన్ని: చేప పొలుసుల్లాంటి పొలుసులు ఉంటాయి.

విస్కోస్ రేయాన్: నిలువునా సన్నని చారలు ఉంటాయి.

నైలాన్, పాలియెస్టర్: ఎక్కడ చూసినా ఒకే లావున్న నున్నని కడ్డీలు.

ఒక హెచ్చరిక. పడుగు ఒక రకం, పేక ఒక రకం అయిన గుడ్డలు కూడా ఉంటాయి. కాబట్టి రెండిటినీ వేరువేరుగా చూడాలి. లేసునూ, కుట్టుదారాన్నీ కూడా విడిగా పరీక్షించాలి.

మూడవది కాల్చి చూడడం. ఇది చివరి ఉపాయం. తెగిన దారం దొరికితేనే చేయాలి గాని దీనికోసం గౌనును కత్తిరించరాదు. అర అంగుళం దారాన్ని చిమటాతో పట్టుకుని, కింద నీళ్ళ సాసరు పెట్టుకుని, మంటకు చూపించాలి. నూలు, నార, రేయాన్ మూడూ కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిద అవుతాయి. ఎందుకంటే మూడూ సెల్యులోజే. పట్టు, ఉన్ని ప్రోటీనులు గనుక వెంట్రుక కాలిన వాసన వేస్తాయి. చివర నల్లని ఉండ మిగిలి, నలిపితే పొడి అవుతుంది. నైలాన్, పాలియెస్టర్ కరిగి గట్టి ముత్యంలా మిగులుతాయి, అది నలగదు. నిప్పు నూలునూ నారనూ విడదీయలేదు. ఆ పని మైక్రోస్కోపే చేయాలి.

వయస్సును గుర్తించడం

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. గౌనులో మొదటి నుంచీ ఉన్న భాగాలలో అన్నిటికన్నా కొత్తది ఏదో, దానికన్నా గౌను పాతది కాజాలదు. 1863లో కనిపెట్టిన యంత్రం చేసిన లేసు మొదటి కుట్టుతోనే అమర్చి ఉంటే ఆ గౌను 1850 నాటిది కాదు. దీనికి తిరుగులేదు. కాని దీనిని తిరగేసి వాడరాదు. చేతికుట్టు ఉన్నంత మాత్రాన పాతది కానక్కరలేదు. మిషన్లు వచ్చిన తరువాత కూడా పసిపిల్లల బట్టలను చేతితో కుట్టడం గౌరవంగా భావించేవారు. కొత్త వస్తువు కనబడడం సాక్ష్యం. కనబడకపోవడం అనుమానానికి ఆధారం మాత్రమే.

ఇక వరుసగా చూడవలసినవి:

1. కుట్టు. సింగర్ కుట్టుమిషనుకు పేటెంటు వచ్చింది 1851లో. ఇళ్ళలోకి మిషన్లు బాగా చేరింది 1860 తరువాత. మిషను కుట్టు అడుగునా పైనా ఒకేలా, సమానమైన దూరంలో ఉంటుంది. చేతికుట్టులో ఎంత నేర్పు ఉన్నా చిన్న తేడాలు దొరుకుతాయి.

2. ఎంబ్రాయిడరీ. చేతిపనిలో ఏ రెండు పువ్వులూ అచ్చం ఒకేలా ఉండవు. యంత్రపు పనిలో ప్రతి పువ్వూ ఒకటే, తప్పు కూడా ప్రతి పువ్వులో అదే చోట ఉంటుంది. స్విట్జర్లాండులో ఇసాక్ గ్రోబ్లి 1863లో కనిపెట్టిన షిఫ్లి యంత్రం, కుట్టుమిషను లాగే రెండు దారాలతో పనిచేస్తుంది. వెనుకవైపు తిప్పి చూస్తే ఆ రెండవ దారం కనబడుతుంది.

3. బిగించే సాధనాలు. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో మెడ దగ్గరా నడుము దగ్గరా బొందులు ఉండేవి. దారంతో చుట్టిన గుండీలు, చిప్ప గుండీలు కూడా కనబడతాయి. ప్రెస్ బటనుకు జర్మనీలో పేటెంటు వచ్చింది 1885లో, అది బట్టలలో వాడుకకు వచ్చింది 20వ శతాబ్దం మొదట్లో. జిప్పు ఉంటే 1930కి ముందుది కాదనుకోవచ్చు.

4. దారం, పీచు. నూలును కాస్టిక్ సోడాలో ముంచితే ఏమవుతుందో జాన్ మెర్సర్ 1844లో కనుగొన్నాడు. నూలును బిగలాగి పట్టి ముంచితే పట్టులా మెరుస్తుందని హొరేస్ లోవ్ 1890 ప్రాంతంలో చూపించాడు. కనుక మెరిసే మెర్సరైజ్డ్ నూలు ఉంటే 1890కి తరువాతదే. మైక్రోస్కోపులో దాని పీచు ఉబ్బి, మెలికలు పోయి, గుండ్రంగా కనబడుతుంది. విస్కోస్ రేయాన్ వ్యాపార స్థాయిలో వచ్చింది 1905లో. నైలాన్ 1938 తరువాత వచ్చింది. పాలియెస్టరును 1941లో కనిపెట్టినా బజారుకు వచ్చింది 1950 దాటాకనే.

5. ఆకారం. 19వ శతాబ్దం మధ్యలో గౌన్లు 40 అంగుళాలు, అంతకుమించి కూడా ఉండేవి. మెడ వెడల్పు, చేతులు పొట్టి. ముందువైపు నడుము వద్ద కొన తేలిన ముక్కోణపు పనితనం ఉండేది. శతాబ్దం చివరకు మెడ పైకి జరిగి, చేతులు పొడుగై, భుజాల కింద యోక్ వచ్చింది. 1920 నాటికి పొడవు బాగా తగ్గింది. అయితే ఫ్యాషను లండన్ నుండి పల్లెటూరికి చేరడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఆకారాన్ని సహాయసాక్షిగానే తీసుకోవాలి.

6. అల్ట్రావయొలెట్ కాంతి. 1940 తరువాత సబ్బు పొడులలో తెలుపును పెంచే రసాయనాలు కలపసాగారు. చీకటిలో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే అవి నీలితెలుపుగా మెరుస్తాయి. కాని పాత గౌనును మొన్న మొన్న డిటర్జెంటుతో ఉతికినా అలాగే మెరుస్తుంది. దీనివల్ల అసలు ఉపయోగం, తరువాత వేసిన అతుకులు, మార్చిన దారాలు ఒక్క చూపులో బయటపడడమే.

మా గౌను సంగతి

మా బోటనీ మేష్టారి అనుమతితో ఒక శనివారం మధ్యాహ్నం ప్రాక్టికల్స్ అయిపోయాక గౌనును బల్లమీద పరిచాను. పొడవు 36 అంగుళాలు. యోక్ ఉంది, చేతులు పొడుగు. లోపలి మడత నుండి తీసిన పీచును మైక్రోస్కోపు కింద పెట్టగానే మెలితిరిగిన రిబ్బన్లు కనబడ్డాయి. పట్టు కాదు, పత్తి! సన్నని మల్లుగుడ్డ. పక్కకుట్లన్నీ మిషనువి. యోక్ మీది పువ్వులలో ప్రతిదానికీ ఎడమవైపు మూడవ ఆకులో ఒక కుట్టు తప్పింది, అన్నిటికీ అక్కడే. అంటే యంత్రపు ఎంబ్రాయిడరీ. వెనుక రెండు చిప్ప గుండీలు, ఒక ప్రెస్ బటన్. టార్చి వేస్తే ప్రెస్ బటన్ దారం ఒక్కటే ధగధగ మెరిసింది. మైక్రోస్కోపులో అది నున్నని కడ్డీ. కాల్చి చూస్తే కరిగి, నలగని ఉండ అయింది. పాలియెస్టర్, తరువాత చేసిన మరమ్మతు. కాబట్టి దానిని లెక్కలోంచి తీసేశాను.

ఇక మిగిలింది కింది అంచున ఉన్న నాలుగంగుళాల లేసు. గౌనుకు పట్టు మెరుపు ఇచ్చింది అదే. పీచు మెర్సరైజ్డ్ నూలు. కనుక 1890కి ముందుది కాదు. మరమ్మతు దారంలో తప్ప నైలాన్ గాని పాలియెస్టర్ గాని ఎక్కడా లేదు. అందుచేత 1900కి 1950కి మధ్యది అయి ఉండవచ్చునని రాసుకున్నాను. విక్టోరియా రాణి చనిపోయింది 1901లో. మా ఇంటి కథ నిలవలేదు.

కాని ఆ లేసు నన్ను వదలలేదు. అది కొక్కెం సూదితో అల్లిన క్రోషే. ఎంబ్రాయిడరీకి యంత్రం ఉంది, ఇతర లేసులకు యంత్రాలు ఉన్నాయి. నిజమైన క్రోషే అల్లికను చేసే యంత్రం మాత్రం నేటికీ వాడుకలో లేదు. అంటే మా గౌనులో మిగతాదంతా ఏ మిల్లుదైనా కావచ్చు గాని ఆ నాలుగంగుళాలు మాత్రం ఎవరో ఒక మనిషి కూర్చుని అల్లినవి. ఎవరు?

ఇంటికి వెళ్ళి మామ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పట్టు కాదన్నాను, రాణి కాలం కాదన్నాను. బాధపడుతుందేమోనని భయపడ్డాను. మామ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత లేసు అంచును వేళ్ళతో తడిమి అంది: "గుడ్డ మట్టుకే దొరసాని ఇచ్చిందిరా. కుట్టించి, అంచు అల్లింది మా అమ్మ. నాకోసం అల్లింది. షావుకారు కండెలిచ్చేవాడు, అల్లిందల్లా పట్టుకుపోయేవాడు. మా అమ్మ అల్లినదాంట్లో ఇంట్లో మిగిలింది ఇదొక్కటే." మామ్మకు ఇప్పుడు ఎనభై ఏళ్ళు. నేను వేసిన లెక్కలో ఆ సంవత్సరం సరిగ్గా ఇమిడింది. మరి ఇన్నాళ్ళూ రాణిగారి పేరు ఎందుకు చెప్పారని అడిగితే, "మా అమ్మ అల్లిందంటే ఎవరు గొప్పగా చూస్తారు?" అంది.

ఈ మాటకు వెనుక చరిత్ర ఉంది. నరసాపురం ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పింది 19వ శతాబ్దంలో వచ్చిన మిషనరీలు. ఆ లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్ళింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ స్త్రీల మీద ఒక పుస్తకం ప్రచురించింది. ఇంట్లో కూర్చుని చేసేది గనుక ఇది తీరిక పని అని అందరూ భావించడం వల్లనే వారికి కూలి అంత తక్కువ అని ఆమె చూపించింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎయిర్‌షైర్ స్త్రీలకు గాని, మా మామ్మగారి అమ్మకు గాని తాము చేసిన పని మీద పేరు రాసుకునే వీలు లేదు. ఆ గుడ్డే వాళ్ళ సంతకం. దానిని చదవడం మనం నేర్చుకోవాలి.

ఉన్నదాన్ని కాపాడుకోవడం

గౌను నూలుదని తేలింది గనుక ఏం చేయాలో కూడా తేలింది. బ్లీచింగు పౌడరులోని క్లోరిన్ సెల్యులోజు గొలుసులను తెంపుతుంది. ఆ రోజుకు తెల్లబడ్డా తరువాత చేయి తగిలితే చిరుగుతుంది. కనుక బ్లీచింగు మానేశాం. దోమతెర గుడ్డ మీద పరిచి, మెత్తని సబ్బు కొద్దిగా కలిపిన మంచినీళ్ళలో నానబెట్టి, నాలుగైదుసార్లు నీళ్ళు మార్చి, పిండకుండా నీడలో ఆరబెట్టాం. పసుపు సగం పోయింది, సగం ఉంది. ఉండనిచ్చాం. పట్టు గౌనైతే ఇలా ఇంట్లో తడపకూడదు.

దాచేటప్పుడు గంజి పెట్టరాదు. గంజి ఉంటే పురుగు పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టరాదు. చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. పెట్టె చెక్కకు గాని అట్టకు గాని తగలకుండా, ఉతికిన పాత నూలుపంచెలో చుట్టాలి. మడత దగ్గర గుడ్డ ముందుగా తెగుతుంది కాబట్టి ఏడాదికొకసారి మడతలు మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరు కుట్టారో, ఎవరెవరు ఏ సంవత్సరంలో తొడుక్కున్నారో ఒక కాగితం మీద రాసి, దానిని గుడ్డకు తగలకుండా అదే పెట్టెలో ఉంచాలి.

మొన్న ఈస్టరుకు అన్నయ్య కూతురికి ఆ గౌనే తొడిగారు. అమ్మకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గుడికి వచ్చినవాళ్ళు "ఎక్కడిదమ్మా ఈ గౌను?" అని అడిగితే మామ్మ "మా అమ్మ అల్లింది" అని చెప్పింది. పెట్టెలోని కాగితం మీద మొదటి పేరు కూడా ఆమెదే రాశాము.

మైక్రోస్కోపు వాడుకోనిచ్చిన మా బోటనీ మేష్టారికి, అల్ట్రావయొలెట్ టార్చి అరువిచ్చిన కెమిస్ట్రీ లేబరేటరీ అటెండరు గారికి నా కృతజ్ఞతలు. మిత్రులలో ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి పాత బట్ట ఉంటే, దానిని ఉడకబెట్టే ముందు, అమ్మే ముందు ఒక్కసారి భూతద్దం పెట్టి చూడవలసిందిగా మనవి. ఆ తరువాత ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. రెండూ చేస్తేనే పరీక్ష పూర్తవుతుంది.